డాక్టరు ఫోన్లో మాట్లాడితే బిల్లు ఎవరు కట్టాలి?

ఈసారి వచ్చిన లేఖల్లో మూడు ఒకే విషయాన్ని మూడు వైపుల నుంచి పట్టుకున్నాయి. పనిచేసే చోట గాయపడిన మనిషి కోసం డాక్టరు ఫోన్లో గడిపిన సమయానికి రుసుము ఉంటుందా, ఉంటే అది ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ఆ విషయం. రెండు లేఖలు అమెరికా బిల్లింగ్ పని చేసేవారివి (పనిలో గాయాలకు పరిహారమిచ్చే అక్కడి ఏర్పాటును వర్కర్స్ కాంప్ అంటారు), ఒకటి మిర్యాలగూడ నుంచి ఒక కార్మికుడి భార్య రాసినది. మిగతా లేఖలకు వచ్చే సంచికలో జవాబిస్తాను.

ప్రశ్న: నేను నల్లగొండలో ఇంటి నుంచే ఒక మెడికల్ బిల్లింగ్ ఆఫీసుకు రాత్రి షిఫ్టులో పని చేస్తున్నాను. మా క్లయింటు అమెరికాలో ఎముకల డాక్టరు. పనిలో భుజం దెబ్బతిన్న ఒక కార్మికుడి కేసులో 2025 మార్చిలో మూడు ఫోన్ కాల్స్ నమోదయ్యాయి. మొదటిది రోగి తానే చేసినది, 6 నిమిషాలు. రెండవది క్లెయిమ్‌ను పరిశీలించే బీమా సంస్థ ఉద్యోగి, అంటే అడ్జస్టరుతో, 14 నిమిషాలు. మూడవది ఎమ్మారై అనుమతి కోసం, 25 నిమిషాలు. నిమిషాలను బట్టి వరుసగా 99441, 99442, 99443 కోడ్లు వేశాను. మూడూ డినై అయ్యాయి, అంటే తిరస్కరించారు. 'వర్కర్స్ కాంప్‌లో ఫోన్‌కు పైసలు రావు, రైటాఫ్ చెయ్యి' అని, అంటే ఆ బిల్లులు వదిలెయ్యమని, మా టీమ్ లీడర్ అంటున్నారు. నిజంగానే రావా? మళ్లీ పంపాలంటే ఏ కోడ్ వేయాలి?
ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మీ టీమ్ లీడర్ చెప్పినదాంట్లో సగమే నిజం. మూడు కాల్స్‌నూ ఒకే గాటన కట్టి, గడియారం చూసి కోడ్ వేయడం దగ్గరే చిక్కు మొదలైంది. ఈ కేసుల్లో నిమిషాల లెక్క చివర్లో చూడవలసినది. ఎవరు ఎవరితో మాట్లాడారు, ఎందుకు మాట్లాడారు, ఆ మాటల్లో ఏం తేలింది అన్నవి ముందు చూడాలి.

అన్నిటికంటే ముందు తేలవలసినది కోడ్ సంగతి. మీరు వేసిన 99441 నుంచి 99443 వరకు ఉన్న కోడ్లు 2025 జనవరి 1 నుంచి సీపీటీ పుస్తకంలో, అంటే అమెరికాలో వైద్య సేవల కోడ్ల పుస్తకంలో, లేవు. మార్చి నెల కాల్‌కు వాటిని వేస్తే, కాల్ ఎంత న్యాయమైనదైనా, బిల్లు గడప దగ్గరే ఆగిపోతుంది. ఈ వరుసకు ఇది కొత్త కాదు. 2008కి ముందు ఫోన్‌కు 99371 నుంచి 99373 వరకు కోడ్లుండేవి. వాటిని తీసేసి 2008లో మీరు వాడిన కోడ్లను పెట్టారు, ఇప్పుడు వాటినీ తీసేశారు. చిత్రమేమిటంటే, సీపీటీ పుస్తకం ఒక కోడ్‌ను తీసేసినా, సొంత నియమావళి రాసుకున్న రాష్ట్రాలు దాన్ని వెంటనే వదలవు. టెక్సస్ వర్కర్స్ కాంప్ నియమాల్లో ఆ పాత 99371 వరుస 2008 తర్వాత కూడా కొనసాగింది. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు పుస్తకాన్ని నమ్మి, రాష్ట్ర ఫీజు షెడ్యూలును, అంటే రుసుముల పట్టికను, చూడక దెబ్బ తింటారు. నేనూ మొదటి ఏడాది అలాగే తిన్నాను.

2025 నుంచి ఫోన్లో మాత్రమే జరిగే సంప్రదింపుకు 98008 నుంచి 98015 వరకు కోడ్లు వచ్చాయి. అందులో మొదటి నాలుగు కొత్త రోగికి, తర్వాతి నాలుగు పాత రోగికి వర్తిస్తాయి. వీటిలో దేన్ని వాడాలన్నా వైద్య విషయంపై మాట్లాడిన సమయం 10 నిమిషాలు దాటాలి. 5 నుంచి 10 నిమిషాల చిన్న సంభాషణకు 98016 ఉంది. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్‌లో, అంతకు ముందు జీ2012 అనే కోడ్ చేసిన పని ఇప్పుడు ఇది చేస్తోంది. ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. మెడికేర్ ఈ కొత్త వరుసలో 98016ను మాత్రమే ఒప్పుకుని, మిగిలినవాటికి మామూలు ఆఫీసు విజిట్ కోడ్ వేసి, ఫోన్ ద్వారా మాత్రమే జరిగిందని తెలిపే 93 మాడిఫయర్ (కోడ్ వెంట చేర్చే గుర్తు) పెట్టమంటోంది. వర్కర్స్ కాంప్‌కు మెడికేర్‌తో ఏం పని అని మీకు అనిపించవచ్చు. కాలిఫోర్నియా ఫీజు షెడ్యూలు 2014 నుంచి మెడికేర్ లెక్కల పునాది మీదే నడుస్తోంది కాబట్టి, అటువంటి చోట్ల మెడికేర్ దేన్ని గుర్తిస్తుందో తెలుసుకోకుండా బిల్లు కట్టలేరు.

మీ లేఖలో లేని ముఖ్యమైన మాట రాష్ట్రం పేరు. ఈ కేసులకు అమెరికా అంతటికీ ఒక చట్టం లేదు. 1911లో విస్కాన్సిన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క రాష్ట్రం తన చట్టం తానే చేసుకుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1916 నాటి చట్టం వేరే ఉంది. వాషింగ్టన్, ఒహాయో, వయోమింగ్, నార్త్ డకోటా రాష్ట్రాల్లో ప్రైవేటు బీమా సంస్థలకు ఈ వ్యాపారంలో చోటు లేదు, సాధారణంగా ప్రభుత్వ నిధి నుంచే చెల్లింపులు జరుగుతాయి. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని కావాలంటే ఈ వ్యవస్థలో చేరకుండానే ఉండవచ్చు. అందువల్ల ఏ క్లెయిమ్ ముట్టుకున్నా ముందు రాష్ట్రం, తర్వాత గాయం జరిగిన తేదీ, ఆ తర్వాతే కోడ్ చూసుకోవాలి.

ఇప్పుడు మీ మూడు కాల్స్ సంగతి చూద్దాం.

రోగి చేసిన 6 నిమిషాల కాల్ 98016 కింద పరిశీలించదగినది. రోగి తానుగా చేసినది కాబట్టి ఆ షరతు తీరింది. అయితే అదే గాయం కోసం అంతకు ముందు 7 రోజుల్లో డాక్టరు రోగిని చూసి ఉండకూడదు, ఆ కాల్ ఫలితంగా 24 గంటల్లోపు గానీ, దొరికిన మొదటి అపాయింట్‌మెంటుకు గానీ రోగిని పిలిపించి ఉండకూడదు. మీరు పంపిన వివరాల్లో మార్చి 4న ఆఫీసు విజిట్, మార్చి 6న ఈ కాల్ ఉన్నాయి. రెండు రోజుల తేడాయే కాబట్టి ఈ కాల్ ఆ విజిట్ రుసుములోనే కలిసిపోయింది. దీన్ని రైటాఫ్ చేయండి, ఇక్కడ మీ టీమ్ లీడర్ మాట సరైనదే.

ఎమ్మారై అనుమతి కోసం చేసిన 25 నిమిషాల కాల్ అసలు బిల్లుకు ఎక్కవలసింది కాదు. బిల్లు కోసం ఆఫీసు నింపిన పత్రం వివరాలను బట్టి మాట్లాడినది డాక్టరు కాదు, ముందు గదిలోని సహాయకురాలు. అందులోనూ చాలా నిమిషాలు హోల్డు పాట వింటూ గడిచినట్టుంది. డాక్టరు స్వయంగా పాల్గొనని కాల్‌కు డాక్టరు కోడ్ వేయడం పొరపాటుగా మిగలదు, ఆడిట్‌లో అది మోసంగా కనబడుతుంది. ఒకవేళ డాక్టరే మాట్లాడినా, అనుమతి అడగడం, బిల్లు తగాదాలు తీర్చుకోవడం, మందుల చీటీ చెప్పడం వంటివి ఆఫీసు నిర్వహణ కింద పోతాయి. ఫోన్ కాల్స్‌కు ఉదారంగా చెల్లిస్తుందని పేరున్న వాషింగ్టన్ రాష్ట్రం కూడా వీటికి ఇవ్వదు.

మిగిలింది అడ్జస్టరుతో జరిగిన 14 నిమిషాల కాల్. వదులుకోకూడని కాల్ ఇదే. మామూలు ఆరోగ్య బీమాలో డాక్టరు రోగికి చికిత్స చేస్తే ఆయన పని అయిపోతుంది. వర్కర్స్ కాంప్‌లో అలా కాదు. ఈ మనిషి పనిలోకి ఎప్పుడు రాగలడు, చేయి భుజం పైకి ఎత్తగలడా, ఎంత బరువు మోయగలడు, యజమాని చూపిస్తున్న తేలిక పని ఇతని ఒంటికి సరిపోతుందా అని అడ్జస్టరు, నర్స్ కేస్ మేనేజరు, యజమాని, పునరావాస సలహాదారు ఒకరి తర్వాత ఒకరు డాక్టరునే అడుగుతారు. ఆ జవాబు మీదే కార్మికుడి వారపు భత్యం ఆధారపడి ఉంటుంది కాబట్టి కొన్ని రాష్ట్రాలు ఈ మాటలను వైద్య సేవలో భాగంగానే గుర్తించాయి. సీపీటీ పుస్తకం ప్రకారం 99442 రోగితోనో, రోగి సంరక్షకుడితోనో మాట్లాడినప్పటి కోడ్. కానీ వాషింగ్టన్ నియమాలు అదే కోడ్‌ను ఏళ్ల తరబడి క్లెయిమ్ మేనేజరుతోనూ, యజమానితోనూ డాక్టరు మాట్లాడిన కాల్స్‌కు వాడుకోనిచ్చాయి. టెక్సస్ ఇటువంటి కాల్‌ను కేస్ మేనేజ్‌మెంట్ కింద, అంటే చికిత్సనూ తిరిగి పనిలోకి రావడాన్నీ సమన్వయం చేసే పనిగా, చూస్తుంది. అవతల మాట్లాడినవారు డాక్టరు సొంత ఉద్యోగులు కాకూడదనీ, కాల్‌కు కారణంగా రోగి పరిస్థితిలో వచ్చిన మార్పు రికార్డులో కనబడాలనీ, కాల్ ఉద్దేశమూ ఫలితమూ, పాల్గొన్నవారి పేరు, వారి వృత్తి రాసి ఉండాలనీ అడుగుతుంది. మరికొన్ని చోట్ల ఇదంతా విజిట్ రుసుములోదే అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీ క్లయింటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర 2025 ఫీజు షెడ్యూలు తెరిచి, కేస్ మేనేజ్‌మెంట్, ఫోన్ అన్న శీర్షికలు వెతకండి. అక్కడ కోడ్ ఉంటే ఆ కోడే వేయాలి, సీపీటీలో దగ్గరగా కనబడిన 98012ను వేసి పంపకూడదు. అది డాక్టరుకూ రోగికీ మధ్య జరిగిన మాటకు మాత్రమే చెందినది.

షెడ్యూలు ఒప్పుకున్నా మీ బిల్లు నిలబడాలంటే కాల్ గురించి డాక్టరు రికార్డులో రాసిన నోటు బలంగా ఉండాలి. మీరు లేఖతో జతచేసిన నోటులో ఉన్నది ఒక్క పంక్తి: 'అడ్జస్టరుతో మాట్లాడాను, పని విషయం చర్చించాం.' ఇది చూసి ఎవరూ పైసా ఇవ్వరు. ఇటువంటి నోటు ఎలా ఉండాలో ఊహించి రాస్తాను, చూడండి: 'మార్చి 11, ఉదయం 10:05 నుంచి 10:19 వరకు, బీమా సంస్థ అడ్జస్టరు ఫలానావారితో నేనే మాట్లాడాను. మార్చి 4 పరీక్షలో కుడి భుజం కదలిక తగ్గినట్టు కనబడినందున, యజమాని ప్రతిపాదించిన ప్యాకింగ్ పనిపై అభిప్రాయం అడిగారు. భుజం ఎత్తుకు మించి చేయి చాపే పని, 10 పౌండ్లకు మించిన బరువు 4 వారాల పాటు వద్దన్నాను. ఈ పరిమితులతో రోజుకు 4 గంటల పనికి అంగీకరించాను. ఏప్రిల్ 8న మళ్లీ పరీక్ష.' మొత్తం చదవడానికి అర నిమిషం పట్టదు. అయినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎంతసేపు, ఏం తేలింది అన్న అయిదు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది.

ఈ నోటును మీరు రాసి డాక్టరు చేత సంతకం పెట్టించే ఆలోచన మాత్రం చేయకండి. ఆఫీసు ఫోన్ లాగ్‌లో ఆ 14 నిమిషాలు నమోదై ఉంటాయి. వాటిని చూపి, డాక్టరునే తన జ్ఞాపకం మేరకు అనుబంధ నోటు రాయమనండి. దాని మీద అది రాసిన ఈనాటి తేదీ ఉండాలి గానీ మార్చి తేదీ ఉండకూడదు. డాక్టరుకు గుర్తు లేకపోతే ఆ కాల్‌ను కూడా వదిలేయండి.

మళ్లీ పంపేటప్పుడు బిల్లు పంపే సీఎమ్మెస్ 1500 ఫారంలో 10ఏ గడిలో ఉద్యోగ సంబంధమైన గాయమని అవును పెట్టడం, 14వ గడిలో గాయం తేదీ, 11బిలో వై4 గుర్తుతో క్లెయిమ్ నంబరు, 22వ గడిలో సవరించిన బిల్లు అని తెలిపే 7 ఉన్నాయో లేదో చూసుకోండి. కాలిఫోర్నియా అయితే దారి వేరు. అక్కడ చెల్లింపు వివరణ పత్రం అందిన 90 రోజుల్లోపు రెండవ పరిశీలన కోరాలి, గడువు దాటితే ఆ బిల్లు అక్కడితో ముగిసినట్టే.

ఒక చిన్న మాట. మీకు రాత్రి 9:30 అయినప్పుడు, వేసవి కాలమానంలో, పశ్చిమ తీరంలో ఉదయం 9 గంటలు. ఫీజు షెడ్యూలు గురించి ఆ రాష్ట్ర కార్యాలయానికి ఫోన్ చేయాలంటే షిఫ్టు మొదట్లోనే చేయండి. తెల్లవారుజామున చేస్తే వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

ప్రశ్న: వర్కర్స్ కాంప్ బిల్లులో డాక్టరు ఫోన్ కాల్‌కు బీమా సంస్థ సొమ్ము ఇవ్వలేదు. మిగిలిన మొత్తాన్ని రోగి పేరున స్టేట్‌మెంట్ పంపమని మా ఆఫీసులో చెప్పారు. పంపవచ్చా?
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: పంపకండి. బీమా సంస్థ బాధ్యత అంగీకరించిన వర్కర్స్ కాంప్ కేసులో కార్మికుడు తన వంతుగా కట్టే కో-పే గానీ, డిడక్టిబుల్ గానీ ఉండవు. షెడ్యూలుకు మించిన మొత్తాన్ని అతని నుంచి వసూలు చేయడాన్ని రాష్ట్రాల చట్టాలు సాధారణంగా నిషేధిస్తాయి. తగాదా డాక్టరుకూ చెల్లింపుదారుకూ మధ్య ఉన్నది, అక్కడే తేలాలి. గాయం పని వల్ల జరిగింది కాదని క్లెయిమ్‌నే తిరస్కరించిన సందర్భం మాత్రం వేరు. అప్పుడు రోగి మామూలు ఆరోగ్య బీమా వైపు చూడవలసి వస్తుంది. ముందు మీ చేతిలో ఉన్నది బిల్లు తిరస్కరణా, క్లెయిమ్ తిరస్కరణా అన్నది పత్రం చదివి తేల్చుకోండి. ఆఫీసులో ఈ రెంటికీ డినయల్ అనే అంటారు, తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

ఇంకొకటి కూడా అడిగారు. అడ్జస్టరుకు నోటు పంపితే రోగి గోప్యత చట్టం, అంటే హిపా, అడ్డు వస్తుందా అని. వర్కర్స్ కాంప్ చట్టాలకు అవసరమైనంత మేర సమాచారం ఇవ్వడానికి ఆ చట్టమే అనుమతిస్తుంది. భుజం కేసు అడిగితే భుజం కాగితాలే పంపాలి, పదేళ్ల ఫైలు మొత్తం స్కాన్ చేసి పంపకూడదు.

ప్రశ్న: మా ఆయన మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో పని చేస్తారు. 2025 జూన్‌లో ఎలివేటర్ బెల్టులో కుడి చేతి రెండు వేళ్లు నలిగాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ప్రతిసారీ అంత దూరం రావద్దని, కట్టు ఫొటో పంపి ఫోన్ చేయమని డాక్టరు గారు చెప్పారు. అట్లా అయిదు సార్లు మాట్లాడితే ఒక్కో సారికి 300 రూపాయలు ఫోన్‌పేలో కట్టాం. ఆస్పత్రి బిల్లు ఇస్తానన్న సేటు, 'ఫోన్ల మాట్లాడితే గూడ పైసలా? అది నేనియ్య' అంటున్నాడు. అడిగే హక్కు మాకు ఉందా? మా ఆయనకు ఈఎస్‌ఐ కార్డు లేదు.
ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, హక్కు ఉంది. ప్రమాదం 2025 జూన్‌లో జరిగింది కాబట్టి మీకు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం వర్తిస్తుంది. ఆ ఏడాది నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గురించి ఎవరైనా చెప్పి అయోమయంలో పెడితే, ప్రమాదం అంతకు ముందే జరిగిందని చెప్పండి. పాత చట్టానికి 2009లో చేసిన సవరణ 2010 జనవరి 18 నుంచి అమలైంది. పనిలో తగిలిన గాయాల చికిత్సకు కార్మికుడు నిజంగా ఖర్చు పెట్టిన సొమ్మును యజమాని తిరిగి ఇవ్వాలని 4వ సెక్షన్‌లోని 2ఏ ఉపవిభాగంలో అప్పుడు చేర్చారు. వేళ్లకు వచ్చే పరిహారం వేరు, ఈ ఖర్చు వేరు. ఒకటి ఇచ్చానని రెండోది ఎగ్గొట్టడానికి లేదు. ఆస్పత్రిలో పెట్టిన ఖర్చు అనో, ఫోన్లో పెట్టిన ఖర్చు అనో ఆ మాటల్లో తేడా చేయలేదు. చికిత్స ఖర్చా కాదా, నిజంగా పెట్టారా లేదా అన్నవే చూస్తారు.

సేటు గారి ప్రశ్నకు జవాబు 2020 మార్చి 25న కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఉంది. రిజిస్టరైన డాక్టరు ఫోన్లో వైద్య సలహా ఇవ్వవచ్చని, దానికి తగిన రుసుము తీసుకోవచ్చని అవి చెబుతాయి. తీసుకున్న రుసుముకు రసీదు ఇవ్వాలని కూడా చెబుతాయి. మీ దగ్గర లేనిది ఆ రసీదే అని లేఖను బట్టి అర్థమవుతోంది. ఫోన్‌పే తెరపై కనబడే పచ్చటి గుర్తు సొమ్ము వెళ్లిందని చెబుతుంది గానీ, ఎందుకు వెళ్లిందో చెప్పదు. సేటు వకీలు మొదట పట్టుకునేది అక్కడే.

కాబట్టి ముందుగా డాక్టరు గారికి ఫోన్ చేసి అయిదు తేదీలకూ విడివిడిగా రసీదులు అడగండి. ఒక్కో రసీదు మీద రోగి పేరు, ఫోన్లో సంప్రదింపు అన్న మాట, ఏ గాయానికి, ఎంత సొమ్ము, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆయన రాసిన మందుల చీటీలు, మీరు వాట్సాప్‌లో పంపిన కట్టు ఫొటోలు చెరపకండి. వాటి తేదీలు, చెల్లింపుల తేదీలు ఒకదానికొకటి సరిపోతే మీ మాటకు అంతకంటే సాక్ష్యం అక్కర లేదు. వైద్య రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలో 2002 నుంచీ ఉంది కాబట్టి మొహమాటపడకుండా ఆస్పత్రి ఫైలు నకలు కూడా తీసుకోండి.

తర్వాత సేటుకు తెల్లకాగితం మీద లేఖ రాయండి. ప్రమాదం తేదీ, ఏ మిషను దగ్గర జరిగింది, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఆస్పత్రి ఖర్చు ఎంత, ఫోన్ సంప్రదింపులు 1,500 రూపాయలు, రాకపోకల ఖర్చు ఎంత అన్నది వేర్వేరు పంక్తుల్లో రాసి, స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు దాచుకోండి. రాకపోకల ఖర్చు ఒప్పుకుంటారో లేదో తేలకపోయినా, అడగకపోతే వచ్చే దారే లేదు. లేఖలో ఇంకొక వాక్యం చేర్చమని నా సలహా: డాక్టరు ఫోన్లో చూడకపోయి ఉంటే అయిదు సార్లూ హైదరాబాద్‌కు ఇద్దరు మనుషుల బస్సు ఛార్జీలు, ఓపీ ఫీజు అయ్యేవని. లెక్క తెలిసిన సేటు అక్కడ ఆగి ఆలోచిస్తాడు.

ఈఎస్‌ఐ విషయం మాత్రం గట్టిగా కనుక్కోండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, మిల్లు ఆ చట్టం కిందికి వచ్చేదైతే, కార్డు చేయించకపోవడం సేటు తప్పు అవుతుంది. అప్పుడు మీరు అడగవలసిన దారి కూడా మారుతుంది. ఈఎస్‌ఐ కింద ఉన్న కార్మికుడు ఇదే గాయానికి 1923 చట్టం కింద అడగలేడు. జీతం చీటీలో 0.75 శాతం కోత ఎప్పుడైనా కనబడిందేమో వెతకండి.

లేఖకు జవాబు రాకపోతే నల్లగొండలో కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. ఈ చట్టం కింద కమిషనరుగా వ్యవహరించే అధికారి ఎదుట దరఖాస్తు పెట్టడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్ల గడువు ఉంది. అంటే 2027 జూన్‌లో మీ ప్రమాదం తేదీ రాకముందే కాగితం అక్కడ చేరి, దాని నకలు మీద ముద్ర పడాలి. పరిహారం సొమ్ము నెల రోజులకు మించి ఆపితే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. తగిన కారణం లేకుండా ఆపాడని తేలితే దానిపై సగం వరకు జరిమానా కూడా వేయవచ్చు. 1,500 రూపాయల కోసం సేటు అంత దూరం వెళ్లడని నా ఊహ. వేళ్ల పరిహారం విషయంలో మాత్రం వెళ్లినా వెళ్లవచ్చు కనుక, ప్రమాదం జరిగినప్పుడు పక్కనున్న హమాలీల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవాళే రాసి పెట్టుకోండి. సీజన్ అయిపోతే వాళ్లు ఏ ఊరికి పోతారో తెలియదు.